ఖోఖో ఆటకై మదనపల్లెకు

యాత్రావిశేషములు వ్రాయువారు కాశికో రామేశ్వరమునకో పోయివచ్చి వ్రాయుదురు. మేము పోయివచ్చినది మదనపల్లెకు. తెల్లవాఱుజామున పలమనేరులో బస్సెక్కి, పుంగనూరు మీదుగా పోయి, చీకటిపడిన పిదప ఇల్లు చేరితిమి. సేవించిన దేవుడు లేడు, మునిగిన తీర్థము లేదు. మా యమ్మాయి తన పాఠశాల జట్టుతో ఖోఖో ఆడుటకు పోవుచుండగా మేమును వెంట బోయితిమి. అయినను ఆ యొక్క దినమున జరిగినదానిని సోదరీమణులతో చెప్పుకొనవలెనని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందు మా తప్పొకటి కలదు. దానిని దాచక చెప్పెదము.

ముందుగా మా యూరి మాట. చిత్తూరునుండి బెంగళూరునకు పోవు పెద్దబాటలో మొగిలి కనుమ యెక్కగానే గాలి మాఱును. అచటినుండి మా పలమనేరు సీమ. ఊరు సముద్రమట్టమునకు రమారమి 680 మీటర్ల యెత్తున నున్నది. నీలగిరులకు బాటలు పడకమునుపు చెన్నపట్టణపు దొరలు ఎండలకు తాళలేక చల్లదనము కొఱకు ఇచటికే వచ్చుచుండిరి. చలికాలమున ఇప్పటికిని ప్రొద్దెక్కువఱకు మంచు విడువదు. చుట్టును టమోటా తోటలు, మల్బరీ తోటలు, రాగిచేలు. ఒక యింట తెలుగు, ప్రక్క యింట కన్నడము, ఎదురింట అరవము వినబడును. సంతలో మూడును కలిసి యొక్క వాక్యముననే దొరలును. ఊరికి చేరువనే కౌండిన్య యభయారణ్యము. 1980 తరువాతి యేండ్లలో కర్ణాటక తమిళ సీమల యడవులనుండి ఏనుగులు వచ్చి యిచట నిలిచినవి. 1990 లో ప్రభుత్వమువారు దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. చెఱకు పండెనన్నను, అరటి గెలవేసెనన్నను, అడవి యంచు పల్లెలవారికి రాత్రులు నిద్ర యుండదు. ఆటకు పోయినామని చెప్పి యేనుగుల ముచ్చట తెచ్చిరేమని చదువరులు నవ్వుకొందురేమో. ఆ ముచ్చటయు ఈ కథలోనిదే.

మా యమ్మాయికి పండ్రెండేండ్లు. ఏడవ తరగతి. పుస్తకము పట్టెనా అన్నము మాట మఱచును. మా వారు బడిపంతులు. మేము చిన్ననాట పుట్టినింటనే అమరము, భారతము చదువుకొన్నవారము. కావున బిడ్డ యెప్పుడును గుమ్మమున గూర్చుండి చదువుకొనుచుండుట మాకు వింతగా నుండెడిది కాదు, గర్వముగానే యుండెడిది. మా బాల్యమున ఆటలు లేకపోలేదు. అచ్చనగండ్లు, ఓమనగుంటలు, తొక్కుడుబిళ్ల, చెమ్మచెక్క అన్నియు నాడితిమి. కాని వానిలో గెలిచినను ఓడినను అది యొక్కతెది. కోపము వచ్చిన బిళ్ల పాఱవైచి యింటికి వచ్చుటకు వీలుండెడిది. జట్టనునది మేమెఱుగము. చదివిన కావ్యములందైన ఆడుపిల్లల యాటలున్నవా యని తడవి చూచితిమి. దశకుమారచరితములో కందుకావతి చెండాట కలదు. అదియు నాయకుడు చూచి మోహించుటకే కాని ఆమె యాడుటకుగాదు.

అట్టి మా యింటికి ఒక సాయంకాలము అమ్మాయి పరుగున వచ్చి, "అమ్మా, నన్ను ఖోఖో టీములో తీసుకున్నారు!" అని చెప్పినది. మేము నవ్వి మంచిదంటిమి. అంతటితో ముగియునని యనుకొంటిమి. మఱునాటినుండి మా యింటి వేళలన్నియు మాఱినవి. ఉదయము ఆఱు గంటలకు అభ్యాసము. సాయంకాలము బడి విడిచిన పిదప మఱల అభ్యాసము. పరుగెత్తుటకు రెండు గంటలకు ముందే తినవలెను, అదియు కడుపు నిండ తినరాదు. మోకాళ్లు చెక్కుకొనిపోయి రోజున కొక క్రొత్త గాయము. ఉతికిన బట్టలలో నేలంతయు కనబడును. నెలసరి మొదలగు వయసు. ఆ దినములందు ఆడవచ్చునా, మానవలెనా యని మేమే వ్యాయామోపాధ్యాయినిని అడిగితిమి. ఆమెను పిల్లలందఱు పీఈటీ మేడమని పిలుతురు. ఒంట్లో బాగున్నచో ఆడవచ్చును, బాగులేనిచో తనతో చెప్పి కూర్చుండవచ్చును, సిగ్గుపడి ఊరక మానవలదని యామె చెప్పినది. మా బాల్యమున ఈ మాట యింత తేలికగా చెప్పువారు లేకపోయిరిగదా యని యనుకొంటిమి.

ఇంటిలో తగవు మాత్రము గాజులవలన వచ్చినది. ఈ యాటలో చేతులకు గాజులుండరాదు, చెవులకు కమ్మలుండరాదు, గోళ్లు పెరుగరాదు. అఱచేతితో తోడిపిల్ల వీపు తట్టి "ఖో" యనవలెను గనుక గాజు చిట్లిన ఇద్దఱికిని నెత్తురు వచ్చును. మా యత్తగారు దీనికి ససేమిరా యనిరి. "ఆడపిల్ల బోసిచేతులతో ఇల్లు దాటేదా? ఊళ్లో వాళ్లేమనుకుంటారు?" అని రెండు దినములు అన్నము సరిగా తినలేదు. మా వారు తల్లికిని కూతునకును నడుమ బడి నలిగి, వార్తాపత్రిక మాటున దాగిరి. తుదకు మేమొక యొప్పందము చేసితిమి. అమ్మాయి గాజులతోనే ఇల్లు వెడలును, గాజులతోనే ఇల్లు చేరును. ఆటస్థలము గట్టున మాత్రము తీసి మా చేతికిచ్చును. నాటినుండి ఆఱు గాజులు చెంగున ముడివైచుకొని గట్టున గూర్చుండుట మా యుద్యోగమయ్యెను.

అట్లు గూర్చుండి గూర్చుండి ఆట యెఱిగితిమి. ఎఱుగని సోదరీమణుల కొఱకు రెండు మాటలు. బరికి రెండు కొనలను రెండు స్తంభములు. వాని నడుమ గీత మీద ఎనమండుగురు వరుసగా గొంతుకూర్చుందురు. ఒకతె ఇటు మొగము పెట్టిన ప్రక్కది అటు మొగము పెట్టును. తొమ్మిదవది తఱుమును. ఎదిరి పక్షమువారు ముగ్గురు చొప్పున బరిలోనికి వచ్చి తప్పించుకొందురు. తప్పించుకొనువారు వరుసలోనుండి ఎటైనను దూఱవచ్చును. తఱుమునది నడిమి గీత దాటరాదు, ఒకసారి యొక దిక్కునకు తిరిగిన పిదప వెనుకకు మఱలరాదు. రెండవ ప్రక్కకు పోవలెనన్న స్తంభమును చుట్టిరావలెను. లేదా కూర్చున్నదాని వెనుకకు పోయి, వీపు తట్టి, "ఖో" యని తన పని దానికి అప్పగించి దానిచోట కూర్చుండవలెను. వెనుకనుండి ఖో వినబడకమునుపు కూర్చున్నది లేవరాదు. ఎదుటనే, చేయి చాచిన అందునంత దూరమున, ఎదిరిపిల్ల పోవుచున్నను లేవరాదు. లేచెనా, తీర్పరి ఈల యూదును.

ఈ యాటకు పూనాలోని దక్కను జింఖానావారు 1914 ప్రాంతమున నియమములు కట్టిరి. దేశమున మొదటి జాతీయ పోటీలు జరిగినది మన విజయవాడలో, 1959-60 లో. మొదటి ప్రపంచ పోటీ ఢిల్లీలో 2025 జనవరిలో జరిగినది. 19 వ తేదీన మన దేశపు స్త్రీల జట్టు నేపాళమువారిని 78-40 తో గెలిచినది. ఆ రాత్రి మా యింట కూడ టెలివిజను ముందు కేకలు పుట్టినవి. మా యత్తగారు పడుకొన్నట్లే యుండి అన్నియు చూచిరి.

జట్టులో పండ్రెండుగురు. బరిలోనికి దిగువారు తొమ్మండుగురు. మా యమ్మాయి పండ్రెండవది. అనగా ముగ్గురు వెలుపల గూర్చుందురు గదా, ఆ ముగ్గురిలో కడపటిది. దీనిని మేము మొదట గుర్తింపలేదు. అభ్యాసమునకు అందఱితో సమముగా పోవుచుండును, అందఱితో సమముగా మోకాళ్లు చెక్కుకొనుచుండును. ఊరిలో చిన్న పోటీలు రెండు జరిగినవి. రెంటను అది గట్టుననే యుండెను. ఇంటికి వచ్చి, "బాగా ఆడినాము" అనెడిది. ఆడినది నీవు కాదుగదా యని మా నోటిదాక వచ్చి నిలిచెను.

మా వారు దానికి రజని కథ చెప్పిరి. ఎతిమరపు రజని మన చిత్తూరు జిల్లా యెనమలవారిపల్లెలో పుట్టిన హాకీ క్రీడాకారిణి, గోలుకీపరు. పెక్కేండ్లు సవిత అను ఆమె మొదటి గోలుకీపరుగా నుండగా ఈమె రెండవదిగా నిలిచినది. గోలుకీపరు స్థానము ఒక్కటే గనుక రెండవదనగా గట్టున గూర్చుండుటయే. అట్లున్నను విడువక, 2024 జనవరిలో మస్కట్టులో జరిగిన అయిదుగురి హాకీ ప్రపంచపోటీలో మన స్త్రీల జట్టునకు నాయకురాలై రెండవ స్థానము తెచ్చినది. మా వారు ఈ కథను తరగతిలో చెప్పినట్లు చక్కగా చెప్పిరి. అమ్మాయి అంతయు విని, "నాన్నా, ఆమె గోలుకీపరు. నేను గోలుకీపరు కాదు కదా" అని లేచి పోయినది. పంతులుగారికి బదులు లేకపోయెను.

జట్టులో మేలైన పిల్ల అడవి యంచు పల్లెనుండి వచ్చును. లేడివలె పరుగెత్తును. సాయంకాలపు అభ్యాసము ముగియుసరికి చీకటిపడును. చీకటిలో ఆ బాటను పోవరాదు, ఏనుగుల భయము. తల్లి కూలికి పోవునది, మాటిమాటికి వచ్చి తీసికొనిపోలేదు. పిల్ల ఆట మానుటయా, బాట మానుటయా యని తగవు వచ్చినప్పుడు, పోటీలు దగ్గఱపడిన వారమంతయు మా యింటనే పండుకొనునట్లు చేసితిమి. రాగిసంగటి, ఉరిబిండి, పితికిపప్పు కూర దానికి పెట్టుచు, దానివలననే మా బిడ్డకు చోటు లేకపోయినదని లోలోన నొక్కుకొన్న మాట నిజము. ఒకే చాపమీద ఇద్దఱును నవ్వుకొనుచు నిద్రపోవుదురు. వారికి లేని లెక్కలు మాకెందులకని యప్పుడు తోచలేదు.

ఇక ప్రయాణము. పాఠశాలలు కొన్ని తమలో తాము ఏర్పఱచుకొన్న స్నేహపు పోటీలవి. పండ్రెండుగురు పిల్లలు, ఉపాధ్యాయిని, తల్లులము ముగ్గురము. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు. ఆధారు కార్డు చూపిన సున్నా టిక్కెట్టు చించి యిచ్చిరి. ఈ వెసులుబాటు లేకున్న ముగ్గురు తల్లులలో ఒకతె, ఆ యడవిపల్లె పిల్ల తల్లి, వచ్చియుండదు. ఆమె తన జీవితమున మదనపల్లె చూచుట అదియే మొదలట.

ఊరు దాటగానే గంగవరము. ఆ ప్రాంతపు కుమ్మరుల మట్టిబొమ్మలు, కుండీలు బాటప్రక్క ఎఱ్ఱగా వరుసలు దీరియుండును. పిల్లలు వానికి చేతులూపిరి. అచటినుండి మిట్టపల్లములు, చింతచెట్లు, గుండ్రాళ్ల గుట్టలు. ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఆ రాళ్లు మా రాయలసీమ కొండల కొక యందము. టమోటా పెట్టెలు నిండిన బండ్లు మా బస్సును దాటి మదనపల్లె మార్కెట్టునకు పరుగెత్తుచుండెను. పుంగనూరు చేరుసరికి ప్రొద్దెక్కినది. బస్సు నిలిచిన కాసేపట పిల్లలు పొట్టి యావులేవి, ఏవి యని కిటికీలనుండి తొంగిచూచిరి. డెబ్బదినుండి తొంబది సెంటీమీటర్ల యెత్తు మాత్రముండు ఆ పుంగనూరు జాతి ఆవును చూడవలెనన్న పుంగనూరునకు రానక్కఱలేదు. దానిని కాపాడుచున్న పశుపరిశోధనాస్థానము మా పలమనేరుననే కలదు. మాట చెప్పిన పిల్లలు నమ్మలేదు. ఇంటిముంగిటి వింత యెవరికిని వింతగాదు.

మదనపల్లె కొండల నడుమ నున్న యూరు. 1895 లో జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టినదిచటనే. అనిబిసెంటమ్మ 1915 లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల యిచటనే. ఆ కళాశాలకు రవీంద్రనాథ ఠాకూరుగారు 1919 ఫిబ్రవరిలో వచ్చిరి. కళాశాలాధ్యక్షుడు కజిన్సుగారి భార్య మార్గరెట్ కజిన్సు ఆ గీతమునకు స్వరము వ్రాసికొన్నది. ఠాకూరుగారు అచటనే 28 వ తేదీన జనగణమనను ఇంగ్లీషున ననువదించిరి. ఆ మార్గరెట్టే 1917 లో చెన్నపట్టణమున స్త్రీల సంఘమును నెలకొల్పినవారిలో ఒకతె. 1927 లో అఖిలభారత స్త్రీల మహాసభ పుట్టుటకును ఆమెయే ముఖ్యురాలు.  పోటీలకు ముందు పిల్లలందఱు నిలిచి ఆ గీతము పాడునప్పుడు మాకీ విషయమంతయు తలపునకు వచ్చి ఒడలు గగుర్పొడిచెను. మా యమ్మాయికి చెప్పబోతిమి. అది బూటు ముడి కట్టుకొనుచు, "అమ్మా, తరువాత" అన్నది. గాజులు తీసి మా చేతిలో పోసి పరుగెత్తినది.

మొదటి యాట పుంగనూరు వైపు పిల్లలతో. మనవారు గెలిచిరి. అడవిపల్లె పిల్ల ఒక్కతెయే నలుగురిని తాకినది. మా యమ్మాయి గట్టున గూర్చుండి గొంతు పగులునట్లు అఱచినది. గెలిచినప్పుడు అందఱికంటె ముందు ఎగిరినది అదియే. మాకది చూచి సంతోషము కలుగవలసినది. కాని మా కడుపులో నిప్పుపడెను. ఇంత దూరము వచ్చి, ఇన్ని దినములు మోకాళ్లు పగులగొట్టుకొని, ఒక్కసారియైన బరిలో అడుగు పెట్టనీయకపోవుట యేమి న్యాయము? మా మనసునకు అప్పుడు భారతములోని విదుల జ్ఞప్తికి వచ్చినది. ఓడి పండుకొన్న కొడుకును మాటలతో పొడిచి లేపి యుద్ధమునకు పంపిన తల్లి ఆమె. మేమును విదులనే యనుకొని, లేచి చెంగు బిగించి, ఉపాధ్యాయిని కడకు పోయితిమి. మా బిడ్డను ఎందులకు దింపలేదని అడిగితిమి. అడుగుటలో పదును తగినదానికంటె ఎక్కువే యుండెను. కడుపున పెట్టుకొని సాకుచున్న పిల్లకే చోటిచ్చి మా బిడ్డను గట్టున పెట్టుటయా యను మాట కూడ, చెప్పరానిది, వచ్చెను. ఆ పిల్ల తల్లి నాలుగడుగుల దూరమున నిలిచియున్నది.

ఉపాధ్యాయిని కోపపడలేదు. "అమ్మా, మీ పాప నన్నీ మాట అడగలేదు. మీరు అడుగుతున్నారు" అని మాత్రమన్నది. తిరిగి చూచితిమి. అమ్మాయి వినినది. దాని మొగము ఎఱ్ఱబడి, తల వంచుకొని, మంచినీళ్ల సీసా మూత మాటిమాటికి త్రిప్పుచుండెను.

రెండవ యాట మధ్యాహ్నము, కుప్పమువైపు పిల్లలతో. వారు తమలో అరవము, కన్నడము, తెలుగు కలిపి మాటాడుకొనుచు సైగలు చేసికొందురు. మావారికిని ఆ మూడును తెలియును గనుక రహస్యము నిలువలేదు. ఆట మాత్రము గట్టిది. సగము గడచుసరికి అడవిపల్లె పిల్ల స్తంభము చుట్టుచు కాలు మడతబడి కూలినది. దాని తల్లి కేక వేయలేదు. నోట చెంగు గ్రుక్కుకొన్నది. ఉపాధ్యాయిని వెలుపలనున్న ముగ్గురిని చూచి, మా యమ్మాయి భుజము తట్టినది.

వరుసలో నాలుగవ చోట, మా వైపునకే మొగము పెట్టి అది కూర్చున్నది. వేళ్లు నేల మోపి, మడమ లేపి, మెడ ప్రక్కకు త్రిప్పి, ఒడలంతయు విల్లువలె వంచి యుండెను. మేమంతవఱకు ఆ బిడ్డను అట్లు చూడలేదు. రెండుసారులు ఖో వచ్చినది. లేచి తఱిమినది, ఎవరును చిక్కలేదు, మఱొకతెకు ఖో ఇచ్చి కూర్చున్నది. తప్పేమియు చేయలేదు. మూడవసారి కుప్పముపిల్ల యొకతె తప్పించుకొనుచు దాని ముందునకే వచ్చినది. అలసిపోయినది, అడుగు తడబడుచున్నది. తఱుముచున్న మన పిల్ల వెనుకవైపున రెండు బారల దూరమున నుండి వచ్చుచున్నది. ఒక్క క్షణములో ఖో యనబోవుచున్నది. ఆ క్షణము మేము తాళలేకపోతిమి. లేచి నిలిచి, "లే! పట్టుకో!" అని గట్టిగా అఱచితిమి.

అది లేచినది. ఖో రాకమునుపే లేచినది. ఈల మ్రోగినది. నియమము ప్రకారము తఱుమునది వచ్చిన దిక్కునకు ఎదురుగా మఱలవలసివచ్చెను. చేతికి చిక్కబోయిన పిల్ల నవ్వుచు ఆవలికి పోయెను. మా యమ్మాయి తీర్పరిని చూడలేదు, ఉపాధ్యాయినిని చూడలేదు. మమ్ము చూచినది. ఒక్క చూపే. పిదప మఱల నేల మీద వేళ్లు మోపి కూర్చున్నది.

మేమెట్లు కూర్చుంటిమో మాకు తెలియదు. తల వంచుకొని ఒడిలోని చెంగుముడిని చూచుచుంటిమి. కొంతసేపునకు పిల్లలందఱు ఒక్కసారి అఱచిరి. ఏమియని తల యెత్తి అడిగితిమి. అడవిపల్లె పిల్ల తల్లి మా మోచేయి పట్టుకొని, "మీ పాపే అమ్మా, ఆ పొడుగుపిల్లను పట్టేసింది! చూళ్లేదా?" అనెను. చూడలేదు. ఏ యొక్క పాయింటునకై ఇన్ని వారములు గట్టున గూర్చుంటిమో, అది వచ్చినప్పుడు నేల చూచుచుంటిమి. పొద్దున మేమన్న మాట విన్న ఆ తల్లియే మాకు దానిని చెప్పవలసివచ్చెను.

మనవారు రెండు పాయింట్లతో ఓడిరి. ఆ తప్పిపోయిన పిల్ల చిక్కియున్న గెలిచియుందురా యని అడుగకుడు. మేము ఆ లెక్క పెక్కుసారులు వేసికొన్నాము.

తిరుగుబస్సులో అమ్మాయి మా ప్రక్క కూర్చుండలేదు. వెనుక సీటులో స్నేహితురాలి వాచిన కాలు తన ఒడిలో పెట్టుకొని, తడిగుడ్డ మార్చుచు కూర్చున్నది. పుంగనూరులో బస్సు నిలిచినప్పుడు మేము దిగి వేయించిన చెనిక్కాయలు రెండు పొట్లములు కొని, ఒకటి ఆ తల్లికిచ్చితిమి. "పొద్దున నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దమ్మా" అంటిమి. ఆమె పొట్లము విప్పుచు, "మా పిల్ల మీ ఇంట్లో తింటున్నప్పుడు నేనేం పెట్టుకుంటానమ్మా" అనెను. ఆ మాట మన్నింపో దెప్పో ఇప్పటికిని మాకు తెలియలేదు. రెండును కావచ్చును.

గంగవరము దాటిన పిదప అమ్మాయి లేచివచ్చి మా ప్రక్క కూర్చున్నది. చాలసేపు మాటలేదు.

"నాదే తప్పమ్మా" అంటిమి.

"అవును" అన్నది.

ఏమియు కాదులే యనునని ఎదురుచూచిన మాకు ఆ మాట గొంతున తగిలెను. కొంతసేపునకు అదియే మఱల, "అమ్మా, ఖో వెనకనుంచి రావాలి. నువ్వు ముందునుంచి అరిచినావు. నాకు నీ గొంతు వింటే లేవడం అలవాటు. పొద్దున్నే లేపేది నువ్వే కదా" అని, మా భుజమున తల వాల్చి నిద్రపోయినది.

ఇంటి వాకిట అడుగు పెట్టకమునుపే గాజులు తొడిగితిమి. మా యత్తగారు వాకిటనే కూర్చుండి యుండిరి. మనుమరాలి చేతులు పట్టుకొని లెక్కించిరి. "ఆరు ఉండాలే. ఇవి అయిదే కదా. ఆటలో చిట్లిందా?" అని మా వంక గెలిచినట్లు చూచిరి. అప్పుడు చెంగు విప్పి చూచుకొంటిమి. మేము లేచి అఱచినప్పుడో, పిదప పిడికిలి బిగించినప్పుడో, ఒకటి ముడిలోనే రెండు తునకలైనది.

"ఆటలో కాదవ్వా. అమ్మ చేతిలో" అని అమ్మాయి పకపక నవ్వినది. ఆ దినమున అది నవ్వుట అదియే మొదలు. అవ్వయు నవ్వినది. మా వారు పత్రిక దింపి ఎవరు గెలిచిరని అడిగిరి. ఎవరును వారికి బదులు చెప్పలేదు.

మఱునాడు పాఠశాలకు పోయి ఉపాధ్యాయినితో మా తప్పు చెప్పుకొంటిమి. ఆమె, ఇట్టి తల్లులను తానెందఱనో చూచితినని, తండ్రులు ఇంకను కష్టమని చెప్పి, అభ్యాసపు దినములలో పిల్లలకు ఉప్పు నిమ్మరసము కలిపిన నీళ్లు తెచ్చు పని మాకప్పగించినది. పని చేతిలో నున్న నోరు ఊరకుండునని ఆమె యెత్తు కాబోలు. అడవిపల్లె పిల్ల కాలు మూడు వారములకు కుదిరినది. మా యమ్మాయి ఇప్పుడు పదవది. బరిలో ఎవరికైన అలసట వచ్చిన మొదట దానినే పిలుతురు. రానిచో గట్టున గూర్చుండి అఱచుచుండును.

రాబోవు నెలలో కుప్పము పిల్లలు మనవారిని తమ యూరికి పిలిచినారు. వి.కోట మీదుగా పోవలెను. మమ్ము రమ్మందువా, వలదందువా యని అమ్మాయిని అడిగితిమి. అది చాలసేపు ఆలోచించి, "రా. కానీ నాకు ఎదురుగా కూర్చోవద్దు. స్తంభం వెనక కూర్చో. నోట్లో చెనిక్కాయలు పెట్టుకో" అన్నది.

నిన్న శేరు కాయలు వేయించి డబ్బాలో పోసితిమి. మా యత్తగారు తామును వత్తుమనుచున్నారు.